తోలు పడవలో ఒంటరి మనిషి

సముద్రం మీద ప్రాణభయం అనగానే మనకు గాలివాన గుర్తుకు వస్తుంది. మార్కు సువార్త 4వ అధ్యాయంలో శిష్యులు కేకలు వేసింది అలలు పడవలోనికి కొట్టినప్పుడే గదా! అయితే ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న గ్రీన్లాండు దీవిలో, నీళ్లు అద్దంలా నిశ్చలంగా ఉన్న రోజును చూసి వణికిన మనుష్యులు ఉన్నారు. వారు పిరికివారు కారు. మంచుగడ్డల మధ్య ఒంటరిగా వెళ్లి, తమకంటె బరువైన జంతువులను వేటాడి తెచ్చి ఇల్లు పోషించినవారు. ఆ భయం సంగతి చదివిన తరువాత నేను మా సంఘంలో ఒక సహోదరుని ఇంటికి వెళ్లి క్షమాపణ అడగవలసి వచ్చింది. అది తరువాత చెబుతాను. ముందు ఆ పడవను గురించి చెప్పాలి.

ఆ పడవ పేరు కయాక్. ఈ మాట ఇప్పుడు మన పిల్లలకు కూడా కొత్త కాదు. రంగురంగుల ప్లాస్టిక్ కయాకులు టీవీలో కనబడుతున్నాయి. ఒలింపిక్ పందేలలో 1936 నుండి ఉన్నాయి. నార్వే దేశపు సముద్రపు పాయల్లో ఈనాడు ఎందరో సెలవు దినాల్లో కయాకు వేసుకొని గాలంతో చేపలు పడుతున్నారు. కాడ్ చేపలు, ఇంకా అదృష్టం ఉంటే హాలిబట్ అనే పెద్ద బల్లపరుపు చేప. అది కొన్నిసార్లు పట్టినవాని బరువుకంటె ఎక్కువ తూగుతుంది. ఒక్క మనిషి పట్టే పడవలో కూర్చున్నవానికి అలాంటి చేప దొరికితే, ఎవరు ఎవరిని పట్టారో కాసేపు తెలియదు! చేప లాగినవైపు పడవ పోతూ ఉంటుంది.

వారికి అది వినోదం. గ్రీన్లాండులోని ఇన్యూట్ ప్రజలకు అది కూడు.

ఒంటికి కుట్టిన పడవ

గ్రీన్లాండు ప్రపంచంలోకెల్లా పెద్ద దీవి. ఐదింట నాలుగు పాళ్లు ఎన్నడూ కరగని మంచు కప్పి ఉంటుంది. మిగిలిన అంచు మీదనే జనం. చెప్పుకోదగ్గ చెట్లు లేవు. మరి పడవకు కర్ర ఎక్కడిది? సైబీరియా నదుల్లో కొట్టుకొనిపోయిన మానులు ధ్రువసముద్రపు మంచుతో కలిసి ఏళ్ల తరబడి ప్రయాణం చేసి గ్రీన్లాండు ఒడ్డుకు చేరతాయి. వాటిని ఏరుకొని, సన్నని బద్దలుగా చీల్చి, మేకులు లేకుండా తోలు వారులతో కట్టి చట్రం తయారు చేసేవారు. పొడవు సుమారు 16, 17 అడుగులు. వెడల్పు మాత్రం 20 అంగుళాలకు అటూ ఇటూ. ఒక మనిషి ఎత్తుకొని నడవగలడు.

కొలతలు పుస్తకంలో ఉండవు. ఎక్కేవాని ఒంటినిబట్టి ఉంటాయి. చేతులు చాచితే వచ్చే బారలను బట్టి పొడవు, నడుమును బట్టి వెడల్పు. మన దర్జీ చొక్కాకు కొలత తీసినట్టే. అందుచేత ఒకని కయాకు మరొకనికి సరిపోదు. అందులో కూర్చున్నాడు అనడంకంటె దానిని తొడుక్కున్నాడు అనడమే సరి.

చట్రం మగవాని పని. దానిమీద తోలు కప్పడం ఆడవారి పని. సీల్ జంతువుల చర్మాలు శుభ్రం చేసి, పచ్చిగా ఉండగానే చట్రం మీద బిగించి, జంతువుల నరాలతో చేసిన దారంతో కుట్టేవారు. సూది తోలును పూర్తిగా దాటి అవతలికి రాకూడదు. సగం మందంలోనే పోయి రావాలి. అప్పుడే నీరు లోపలికి కారదు. ఆరినకొద్దీ తోలు డప్పులా బిగుసుకుంటుంది. పైన సీల్ కొవ్వు పూస్తారు. వేటగాడు వేసుకొనే తోలు అంగీ కూడా స్త్రీలు కుట్టిందే. దాని అంచును పడవ నోటి చుట్టూ బిగించి కట్టి, ముఖం దగ్గర, మణికట్ల దగ్గర తాళ్లు లాగితే, పడవ తలక్రిందులైనా ఒక్క చుక్క లోపలికి పోదు. వేటగాడు తెడ్డుతో నీటిని ఒక్క చరుపు చరిచి మళ్లీ పైకి లేస్తాడు. ఇలా లేచే పద్ధతులు 30కి పైగా ఉన్నాయి. తెడ్డు పోతే ఈటె విసిరే పలకతో, అదీ పోతే వట్టి చేతితో లేవడం కూడా నేర్చుకొనేవారు. ఆటకు కాదు. ఆ నీటిలో పడవ వదలి ఈదినవాడు బ్రతకడు.

కుట్టులో ఒక్క పోగు వదులైతే ఏమౌతుందో ఆ ఇల్లాలికి తెలుసు. భర్త ప్రాణం తన సూదిమొన మీద ఉంది. మనవారు గృహిణి పనిని చిన్నగా చూసి మాట్లాడినప్పుడు నాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

వేట ఎలా సాగేదంటే, కయాకు ముందుభాగాన చిన్న పీట వంటి దానిమీద తోలు తాడు చుట్టలు చుట్టి ఉంటుంది. దాని ఒక కొన ఈటె మొనకు, రెండవ కొన వెనుక ఉంచిన గాలి తిత్తికి కట్టి ఉంటుంది. ఆ తిత్తి కూడా సీల్ తోలే, ఊది మూతి బిగించినది. ఈటె తగలగానే మొన కర్రనుండి ఊడి జంతువు ఒంటిలో ఉండిపోతుంది. వెంటనే తిత్తిని నీటిలోకి తోసేయాలి. జంతువు తిత్తిని ఈడ్చుకొంటూ అలసిపోతుంది. ఆ క్షణంలో తాడు మెలికపడి చేతికో తెడ్డుకో చుట్టుకుంటే మనిషి జంతువుతోపాటు క్రిందికి పోతాడు. ఇలా పోయినవారు ఎందరో. 19వ శతాబ్దంలో గ్రీన్లాండు పురుషుల మరణాలకు ముఖ్య కారణాలలో కయాకు ప్రమాదం ఒకటి. వేటగాడు పోతే ఇంట్లో మాంసం లేదు, దీపానికి కొవ్వు లేదు, బట్టకు తోలు లేదు. దీపం అంటే వెలుతురుకు మాత్రమే కాదు. వంట, వెచ్చదనం అన్నీ దానితోనే.

చన్నీళ్ల లెక్క

ఉప్పునీరు గనుక సముద్రం సున్నా డిగ్రీ దగ్గర గడ్డకట్టదు. ఇంకా సుమారు రెండు డిగ్రీలు క్రిందికి పోవాలి. అలాంటి నీటిలో మనిషి పడితే ఏమి జరుగుతుందో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ తానే చన్నీళ్లలో దిగి పరీక్షించాడు. ఆయన చెప్పిన లెక్క ఇది: 1, 10, 1. మొదటి 1 నిమిషంలో ఊపిరి అదుపు తప్పి ఎగశ్వాస వస్తుంది. ఆ సమయంలో తల నీటిలో ఉంటే అంతే సంగతులు. తరువాత 10 నిమిషాలు మాత్రమే చేతులు, వ్రేళ్లు మన మాట వింటాయి. స్పృహ తప్పడానికి సుమారు 1 గంట పడుతుంది. అంటే మనం అనుకున్నట్టు చలితో గడ్డకట్టి చావడం చాలా తరువాతి మాట. చాలామంది అంతకు ముందే ఊపిరి తప్పో, చేతులు పనిచేయకో మునిగిపోతారు. తేలే చొక్కా వేసుకొన్నవానికి ఆ గంట దక్కుతుంది. లేనివానికి దక్కదు. అందుకే ఈనాడు అక్కడ కయాకు మీద చేపలకు పోయేవారు ఎండాకాలంలో కూడా నీరు చొరని నిండు దుస్తులు, తేలే చొక్కా వేసుకొంటారు. బట్టలు గాలిని చూసి కాదు, నీటిని చూసి వేసుకోవాలన్నది వారి నియమం. మన తీరంలో తేలే చొక్కా ఇచ్చినా పడవ అడుగున పడేసే కుర్రవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలని నా మనవి. మన నీళ్లు వెచ్చనే. అయినా అలసిన చేతులు ఎక్కడైనా అలసిన చేతులే.

ఆ 10 నిమిషాలంటే ఏమిటో నార్వే యాత్రికుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ అనుభవించాడు. ఆయన 1888లో గ్రీన్లాండు మంచును అడ్డంగా దాటి, ఆ చలికాలమంతా అక్కడే ఉండి, ఇన్యూట్ వారి దగ్గర కయాకు నడపడం నేర్చుకొన్నాడు. తరువాత 1895 మార్చి 14న తన ఓడను విడిచి, యోహాన్సెన్ అనే ఒక్క తోడుతో, కుక్కబండ్ల మీద రెండు కయాకులు వేసుకొని ఉత్తర ధ్రువం వైపు బయలుదేరాడు. 86 డిగ్రీల 14 నిమిషాల వరకు వెళ్లి, ఇక సాగలేక తిరిగి, ఫ్రాంజ్ జోసెఫ్ లాండు అనే నిర్జన ద్వీపాలలో రాళ్ల గుడిసె కట్టుకొని చలికాలం గడిపారు. 1896 జూన్ 12న వారు మంచు ఒడ్డున పడవలు కట్టి, చుట్టూ చూడడానికి ఒక మిట్ట ఎక్కారు. కట్టిన వారు తెగింది. జతగా కట్టి ఉన్న రెండు కయాకులు గాలికి కొట్టుకొనిపోతున్నాయి. తిండి, తుపాకులు, తూటాలు, సమస్తం వాటిలోనే. ఒడ్డున మిగిలింది ఇద్దరు మనుష్యులు, వారి జేబుల్లోని వస్తువులు.

నాన్సెన్ తన గడియారం యోహాన్సెన్ చేతిలో పెట్టి, పై బట్టలు కొన్ని విప్పి దూకాడు. గాలి పడవలను దూరం చేస్తోంది. కాళ్లు చేతులు మొద్దుబారుతున్నాయి. వెనుకకు వచ్చినా చావే, అందుకోకపోయినా చావే. చివరకు పడవ మీద అడ్డంగా ఉన్న వస్తువు ఒకటి చేతికి దొరికింది. కాని పైకి ఎక్కే బలం లేదు. ఒక కాలు ఎలాగో బండి అంచు మీద వేసి, దొర్లి పైన పడ్డాడు. అంతటి వణుకులో తిరిగి వస్తూ రెండు పక్షులు కనబడితే తుపాకీ తీసి కొట్టాడు. ఒడ్డున ఉన్న యోహాన్సెన్ మా అన్నకు మతి పోయింది అనుకొన్నాడట. మతి పోలేదు. ఆ రాత్రి కూర అదే. అయిదు రోజుల తరువాత, జూన్ 17న, వారికి అక్కడ మకాం వేసిన ఇంగ్లీషు యాత్రికుడు జాక్సన్ ఎదురుపడ్డాడు.

అదే రాజు, రెండు తీరాలు

ఈ దేశపు సువార్త చరిత్రకు మన దేశంతో ఒక చుట్టరికం ఉంది. 1706లో తరంగంబాడి చేరిన జీగెన్‌బాల్గును, ప్లుట్షౌను పంపిన డెన్మార్కు రాజు నాల్గవ ఫ్రెడరిక్ గారే, 1721లో హాన్స్ ఎగెడే అనే నార్వే పాస్టరును గ్రీన్లాండుకు పంపారు. కోపెన్‌హేగన్‌లో 1714లో స్థాపించిన మిషను సభ ఈ రెండింటినీ చూసుకొనేది. ఆ తరంగంబాడి నుండి మద్రాసుకు వచ్చిన బెంజమిన్ షుల్జు గారే బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసి, అది అచ్చు కాకపోయినా, 1740ల దశకంలో జర్మనీలోని హాలే పట్టణంలో చిన్న తెలుగు పుస్తకాలు వేయించారు. మండే తీరానికి ఒక ఉత్తరం, మంచు తీరానికి ఒక ఉత్తరం ఒకే బల్ల మీదనుండి వెళ్లేవన్నమాట.

ఎగెడే గారు అంతకుముందు లోఫోటెన్ దీవుల్లో పాస్టరు. అక్కడ చలికాలంలో బారెంట్స్ సముద్రం నుండి కాడ్ చేపలు గ్రుడ్లు పెట్టడానికి గుంపులుగా వస్తాయి. వాటిని పట్టి, ఉప్పు లేకుండానే కర్ర పందిళ్ల మీద చలిగాలికి ఆరవేస్తారు. ఇప్పటికీ అంతే. మన ఎండుచేపకు ఎండ కావాలి, వారి ఎండుచేపకు చలి కావాలి! భార్య గెర్ట్రూడ్ రాస్క్, నలుగురు పిల్లలతో ఎగెడే 1721 జూలై 3న గ్రీన్లాండు చేరారు. వారి ఓడ పేరు "నిరీక్షణ". పూర్వం అక్కడ కాపురమున్న నార్వే క్రైస్తవుల సంతతిని వెదకడానికి ఆయన వెళ్లారు. వారు ఎప్పుడో అంతరించిపోయారు. ఉన్నది కయాకుల్లో తిరిగే ఇన్యూట్ ప్రజలు. వారి భాష పెద్దాయనకు ఒక పట్టాన పట్టుబడలేదు. పిల్లలు ఆటల్లోనే పట్టేశారు. కుమారుడు పౌలు ఎగెడే 1766లో క్రొత్త నిబంధనను ఆ భాషలో ప్రచురించాడు.

1733లో డెన్మార్కు నుండి తిరిగి వచ్చినవారి ద్వారా మశూచి వచ్చింది. ఊళ్లకు ఊళ్లు పోయాయి. ఎగెడే దంపతులు రోగులను తమ ఇంట్లోనే పెట్టుకొని సేవ చేశారు. గెర్ట్రూడ్ 1735లో ప్రభువునొద్దకు వెళ్లింది. 1736లో ఎగెడే ఆమె శవపేటికతో తిరిగి వెళ్లేముందు యెషయా 49:4 మీద ప్రసంగించారు. ఆ వచనం తీసి చదవండి. 15 ఏళ్లు పనిచేసిన సేవకుడు ఆ వచనం ఎందుకు ఎన్నుకొన్నాడో తెలుస్తుంది.

1733లోనే మొరేవియన్ సహోదరులు అక్కడికి వచ్చారు. 5 ఏళ్లు ఒక్కరూ వినలేదు. 1738 జూన్‌లో యోహాన్ బెక్ అనే సహోదరుడు గెత్సేమనే తోటలో ప్రభువు పడిన వేదనను గురించి చెబుతుండగా, కయార్నాక్ అనే వేటగాడు ముందుకు వచ్చి మళ్లీ చెప్పమని అడిగాడు. మరుసటి సంవత్సరం బాప్తిస్మం పొందాడు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. గ్రీన్లాండు ప్రజల్లో అత్యధికులు నేడు లూథరన్ సంఘస్థులే. అయినా ఎగెడేను అందరూ ఒకేలా చూడరు. 2020లో నూక్ పట్టణంలోని ఆయన విగ్రహంపై ఎర్ర రంగు పోశారు. ఉంచాలా తీయాలా అని ఓట్లు పెడితే ఉంచమన్నవారే ఎక్కువయ్యారు. సువార్త వెంట పరాయి రాజ్యమూ, పరాయి రోగమూ వచ్చాయన్న వారి బాధను మనం తోసివేయడం న్యాయం కాదు.

నిశ్చలమైన నీళ్లు

ఇక ఆ భయం సంగతి. వేటగాడు ఒంటరిగా ఉంటాడు. గాలి లేదు. నీళ్లు కదలవు. ఎదుట ఎండ, క్రింద దాని ప్రతిబింబం. ఆకాశం ఎక్కడ ఆగి నీరు ఎక్కడ మొదలైందో తెలియదు. గాలం వేసి, లేక సీల్ తల ఎత్తుతుందని చూస్తూ, కదలకుండా గంటలు కూర్చుంటాడు. అప్పుడు ఉన్నట్టుండి పడవ ఒరుగుతున్నట్టు, ముందుభాగం పైకి లేస్తున్నట్టు, లోపలికి చన్నీళ్లు వచ్చి కాళ్లు తడుస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఒక్క చుక్క లేదు. కాని చేయి కదిపితే మునిగిపోతానని బిగుసుకుపోతాడు. తెడ్డు ఎత్తలేడు. దీనిని వారు నంగియర్నెక్ అంటారు. డేనిష్ వైద్యులు 19వ శతాబ్దం నుండే దీని గురించి వ్రాశారు. కొందరు కాఫీ, పొగాకు వల్ల అన్నారు. తరువాతివారు కదలిక, ఆనవాలు లేని చోట మెదడు దారి తప్పడమే కారణమన్నారు. గాలి కొద్దిగా వీచి అలలు లేస్తే అది తగ్గిపోతుంది. ఒక్కసారి వచ్చినవారిలో కొందరు మళ్లీ ఎన్నడూ ఒంటరిగా సముద్రం మీదికి పోలేకపోయారు. నిన్నటివరకు ఊరికి మాంసం పంచినవాడు ఒడ్డున కూర్చొని ఇతరులు ఇచ్చింది తినవలసి వచ్చింది.

మా సంఘంలో ఆ సహోదరుడు వేటకు పోయే జాలరి. కొన్నేళ్ల క్రితం పడవ బోల్తాపడి అతని అన్న పోయాడు, ఇతడు బ్రతికాడు. ఆ తరువాత మోకాలిలోతు నీటిలోనే ఆగిపోయేవాడు. తుఫాను రోజు కాదు, మంచి ఎండరోజున కూడా. నేను అతనికి విశ్వాసం చాలదన్నాను. ఒక ఆదివారం, పేరు చెప్పకుండా, పేతురు నీటి మీద నడిచిన భాగం మీద ప్రసంగం చేశాను. అందరికీ తెలుసు ఎవరి గురించో. తరువాత అతడు రెండు నెలలు ఆరాధనకు రాలేదు. మునిగిపోతున్న పేతురుకు ప్రభువు ముందు చేయి చాచి, తరువాత మాట్లాడాడు. ఆ వరుసను నేను తిరగవేశాను.

గ్రీన్లాండువారు ఏమి చేసేవారంటే, బిగుసుకుపోయినవానిని చూసిన మరొక వేటగాడు తన కయాకును అతని ప్రక్కకు తెచ్చి ఆనించేవాడు. రెండు పడవలూ కలిస్తే వెడల్పు వస్తుంది, ఒరగదు. అలా జతగానే ఒడ్డుకు తెచ్చేవాడు.

ఇది చదివిన సాయంకాలం నేను అతని ఇంటికి వెళ్లి, ఆ ప్రసంగానికి క్షమించమని అడిగాను. అతడు వల బాగుచేస్తూ తల ఎత్తలేదు. తోలు పడవ సంగతి, ఆ భయం సంగతి అంతా చెప్పాను. కాళ్లు తడిసినట్టు అనిపిస్తుందన్నప్పుడు అతని చేయి ఆగింది. చాలాసేపటికి, "కాళ్లు కాదయ్యగారూ, నాకు మెడకాడ మొదలవుద్ది" అన్నాడు. అతని భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమెకు కూడా అతడు అంతవరకు ఆ మాట చెప్పలేదట.

ఆ తరువాతి నెలలో అతని తోడల్లుడు, కాలువ నీటిలో, తన పడవను ఇతని పడవకు తాడుతో కలిపి కట్టుకొని కాస్తదూరం తీసుకొనిపోతున్నాడు. సముద్రం మీదికి ఇంకా పోలేదు. మొన్న నన్ను చూసి, ఆ దేశంలో రెండు పడవలూ దేనితో కట్టేవారని అడిగాడు. తెడ్డు అడ్డంగా వేసి పట్టుకొనేవారన్నాను. "మా తెడ్డు అంత పొడవు ఉండదే" అని, ఇసుకలో కూర్చొని మూరలతో కొలవడం మొదలుపెట్టాడు.